ఇక్కడికే అంటే ఎక్కడికి?

మొన్న మా స్కూలు పని మీద పటమటలో ఒక అపార్టుమెంటుకి వెళితే గేటు దగ్గర వాచ్‌మన్ "ఎక్కడికమ్మా?" అని అడిగాడు. అతని తప్పేమీ లేదు, అడగడం అతని ఉద్యోగం. నేను మాత్రం ఠక్కున ఆగిపోయి, ఏ ఫ్లాటుకో, ఎవరి కోసమో, పని ఎంతసేపో, అక్కణ్నుంచి ఏ దారిన ఇంటికి వెళతానో కూడా చెప్పేశాను. అతను నన్ను ఎగాదిగా చూసి, ఫ్లాటు నంబరు చెబితే చాలమ్మా అన్నాడు. అలా పూసగుచ్చినట్టు చెప్పడం నాకు అలవాటు చేసిన పెద్దాయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

మా ఇళ్లల్లో గడప దాటే మనిషిని ఎక్కడికి అని అడగకూడదు. అడిగితే వెళ్లిన పని చెడుతుందని కొందరు, అసలు మనిషికే మంచిది కాదని కొందరు అంటారు. మరీ తెలుసుకోవాలని ఉంటే "దూరమా?" అనాలి. దానికి అవతలివాళ్లు "కొంచెం దూరమే" అనో, "అబ్బే, ఇక్కడికే" అనో చెబుతారు. అడిగినవాళ్లకి ఏమీ తెలియదు, చెప్పినవాళ్లు ఏమీ చెప్పరు, మర్యాద మాత్రం ఇద్దరికీ దక్కుతుంది. మా అమ్మయితే ఎవరి నోటయినా పొరపాటున ఆ మాట వచ్చిందంటే, బయలుదేరిన మనిషిని వెనక్కి పిలిచి, చెప్పులు విప్పించి, కాసేపు కూర్చోబెట్టి, గ్లాసుడు మంచినీళ్లు తాగించి గానీ పంపేది కాదు. నేను సోషల్ టీచర్ని. గ్రహణం ఎందుకు పడుతుందో బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెబుతాను. అయినా బయటికి వెళ్లేటప్పుడు ఆ మాట చెవిన పడితే నా గుండె గుభేలుమంటుంది. చదువు చదువే, భయం భయమే.

అలాంటి దాన్ని, గుణదలలో ఆ సందులో ఇల్లు కొనుక్కుని దిగాను. సందుకి ఒక చివర మెయిన్ రోడ్డు, ఇంకో చివర కాలువ గట్టు. దిగిన మర్నాడు పొద్దున్నే మా ఆయన డ్యూటీకి బయలుదేరారు. ఆయన గూడ్సు రైలు గార్డు. చేతిలో పెట్టె, భుజాన సంచీ. అలా గేటు తీశారో లేదో, ఎదురింటి ముందు నుంచి "ఎక్కడికండీ?" అని ఖంగుమంటూ వినిపించింది. సందు మొత్తానికి వినపడే గొంతు. చూస్తే నీలం ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దాయన. తెల్ల బనీను, ఒళ్లో మడత విప్పని పేపరు, చెవి మీద పెన్ను. మా ఆయన తడుముకోకుండా "గూడూరండీ" అన్నారు. "ఎప్పటికొస్తారు?" అని మళ్లీ ప్రశ్న. అది రైల్వేకే తెలీదండీ అని మా ఆయన నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. మొహం చిన్నబుచ్చుకుని, పేపరు మీద కుడిచేత్తో ఏదో తుడిచినట్టు చేశారు. నేను మంచినీళ్ల గ్లాసుతో పరిగెత్తుకొచ్చి మా ఆయన్ని లోపలికి లాగి కూర్చోబెట్టాను. ఆయన నీళ్లు తాగి మళ్లీ గేటు దాటితే మళ్లీ అదే గొంతు, అదే ప్రశ్న. గూడూరేనండీ, ఇందాక చెప్పిన గూడూరే అన్నారు మా ఆయన.

సందులో అందరూ ఆయన్ని ఎదురుగా బాబాయిగారు అనేవాళ్లు, చాటున "ఎక్కడికి బాబాయి" అనేవాళ్లు. నేనూ బాబాయిగారనే పిలిచాను. పెళ్లిచూపులకి వెళ్లేవాళ్లు, ఇంటర్వ్యూలకి వెళ్లేవాళ్లు, ఆస్పత్రికి వెళ్లేవాళ్లు ఆయన కుర్చీ ముందు నుంచి వెళ్లేవాళ్లు కాదు. ఇళ్ల వెనకాల మురుక్కాలవ పక్కన మనిషి పట్టేంత దారి ఉంది. పట్టుచీరలు మోకాళ్ల దాకా ఎత్తిపట్టుకుని, ముక్కు మూసుకుని అందులోంచి పోయేవాళ్లు. మురుగు తొక్కినా ఫర్వాలేదు గానీ ఆ మాట వినకూడదు. ఆయనకి అదంతా తెలుసు. తెలిసి ఒక్కరోజూ మానలేదు. అడిగించుకున్నవాళ్లు గొణుక్కుంటూ పోతుంటే వాళ్ల వీపు కనిపించినంత సేపూ చూసేవారు, ఏ మలుపు తిరిగారో చూసుకునేవారు.

ఆయన దగ్గర చెల్లని మాట ఒకటుంది. ఎవరైనా మర్యాదకి "ఇక్కడికే బాబాయిగారూ" అన్నారా, ఇక వాళ్ల పని అయిపోయినట్టే. కుర్చీలోంచి లేచి వచ్చి బండి హ్యాండిల్ పట్టుకుని, "ఇక్కడికే అంటే ఎక్కడికి?" అనేవారు. గొంతులో కోపం ఉండేది కాదు. అదే నాకు ఎక్కువ భయంగా ఉండేది. ఊరి పేరు చెప్పాలి, వీధి పేరు చెప్పాలి, ఎవరింటికో చెప్పాలి. అప్పుడు హ్యాండిల్ వదిలి, క్షేమంగా వెళ్లిరా నాన్నా అనేవారు. సందు చివర వెల్డింగు షాపు మస్తాన్‌గారొక్కరే మొదటి రోజు నుంచీ అడక్కముందే చెప్పేవారట. తన ట్రాలీ ఆటో ఆపి, "గాంధీనగరం, బేరింగులు కొనడానికి, నమాజు వేళకి వచ్చేస్తా బాబాయిగారూ" అని చెప్పి మరీ కదిలేవారు. మా ఇళ్లల్లో ఈ పట్టింపు లేదమ్మా, అయినా పెద్దాయన మనశ్శాంతి కోసం రెండు మాటలు చెబితే నా నోరేం అరుగుతుంది అనేవారు నాతో.

ఏడాదికోసారి మేరీమాత ఉత్సవాలప్పుడు మాత్రం బాబాయిగారి మొహం విప్పారేది. ఎక్కడెక్కడి నుంచో జనం మా సందులోంచి అడ్డదారిన నడిచి వెళ్లేవాళ్లు. చంటిపిల్లలు, సంచులు, కొబ్బరికాయలు. ఆయన వాళ్లలో ఒక్కొక్కరినీ అడిగేవారు. అందరూ ఒకే జవాబు చెప్పేవాళ్లు, కొండకి అని. ఆ రోజుల్లో ఆయన ఎవరి హ్యాండిలూ పట్టుకోలేదు. లోకంలో అందరూ ఒకే చోటికి వెళుతుంటే ఎంత హాయమ్మా అన్నారు నాతో ఒకసారి.

ఇంకో సంగతి. వెళ్లిన వాళ్లందరూ తిరిగి వచ్చేదాకా ఆ కుర్చీ లోపలికి వెళ్లేది కాదు. వచ్చినవాళ్లని ఏమీ అడిగేవారు కాదు. తల ఊపేవారు, అంతే. సాయంత్రం ఎవరు ఆఖరున వస్తే వాళ్లు గేటు వేసుకున్నాక, కుర్చీ కాలు గచ్చు మీద కీచుమంటూ లోపలికి వెళ్లేది. ఆయన్ని శకునప్పక్షి అని తిట్టుకునే ఆడవాళ్లే, దీపాలు పెట్టే వేళకి గుమ్మంలోంచి తొంగిచూసి, కుర్చీ ఇంకా బయటే ఉందే, ఎవరు రాలేదో అనుకునేవాళ్లు. నేనూ వంటింట్లో చెవి అటే పడేసి ఉంచేదాన్ని. ఆ కీచుమనే చప్పుడు వినపడ్డాకే కుక్కరు పెట్టడం అలవాటయింది.

ఇంట్లో ఆయన భార్య ఉండేది. పిన్నిగారు అనేవాళ్లం. పిన్నిగారు బయటికి రావడం తక్కువ, మాట్లాడడం అంతకంటే తక్కువ. ఆయనకి టీ ఇవ్వడానికి వచ్చినప్పుడు కూడా కుర్చీ వెనక నుంచి చెయ్యి చాచి ఇచ్చేది, ఆయన వెనక్కి చూడకుండా అందుకునేవారు. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోగా నేను చూడలేదు. వాళ్లకి ఒక్కడే కొడుకనీ, ఇంజనీరింగు చదువుతూ పోయాడనీ విన్నాను. ఎలా పోయాడని ఎవర్నీ అడగలేదు. ఇంట్లో ఆడపిల్ల ఉన్నదాన్ని, అలాంటివి వినాలంటే నాకు భయం.

వినక తప్పలేదు. కూచిపూడిలో మా అక్క ఉంది. ఒకసారి వాళ్లింట్లో రెండు రోజులుండి వస్తూ, బస్సు మారడానికి పామర్రులో దిగాను. సెంటర్లో టీకొట్టు పక్కన బాబాయిగారు నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, చంకలో సంచీ, చెవి మీద పెన్ను. ఒక్కోసారి కుర్చీ ఖాళీగా ఉండే రోజులు సందులో వస్తుండేవి, ఆ రోజుల్లో ఆయన ఎటు వెళతారో ఎవరికీ తెలియదు. నన్ను చూసి ఉలిక్కిపడలేదు. ఎక్కడికి అని అడగబోయి, నాలుక మడతబడి, "దూరమా బాబాయిగారూ?" అన్నాను. ఆయన నవ్వడం అప్పుడే చూశాను. నన్నెవరూ అడగరమ్మా, నువ్వు సగం అడిగావు అన్నారు.

తర్వాత చెయ్యి చాచి చూపించారు. "ఇక్కణ్నుంచి మూడు దార్లమ్మా. ఇటు బందరు, అటు గుడివాడ, అదిగో అటు మీ అక్కగారి కూచిపూడి. మావాడు ఇక్కడిదాకా రాలేదు. వచ్చుంటే ఎటు తిరిగేవాడో ఎవరో ఒకరు చూసుండేవాళ్లు."

పామర్రు ఇంకా రాకముందే, రోడ్డు పక్క కాలువలోకి బండితో సహా జారిపోయాడట. చూసినవాళ్లు లేరు. పైన గుర్రపు డెక్క దుప్పటి పరిచినట్టు మళ్లీ మూసుకుపోయింది. కొన్నాళ్ల తర్వాత కాలువ పనివాళ్లు ఆ డెక్క లాగుతుంటే ముందు బండి అద్దం బయటపడింది. ఈ లోపల వీళ్లు ఊరంతా వెతికారు. గుణదల, మాచవరం, పటమట, స్నేహితుల గదులు, సినిమా హాళ్లు, కాలువ గట్లు. బందరు రోడ్డు వైపు ఎవరూ చూడలేదు. ఎందుకంటే వాడు ఫోను ఛార్జింగులో పెట్టి వెళ్లాడు, వెళుతూ ఇక్కడికే అన్నాడు. అందుకని ఇక్కడే వెతికారు.

ఆ పొద్దున వాడు బండి తీస్తుంటే పిన్నిగారు తడిచేతులతో వంటింట్లోంచి వచ్చి "ఎక్క" అనబోయిందట. బాబాయిగారు పేపరు చదువుతూ, తలెత్తకుండా చూపుడు వేలెత్తారు. బాబాయిగారి అమ్మ కాలం నుంచీ ఆ ఇంట్లో ఆ మాట లేదు, కాపురానికొచ్చిన కొత్తలోనే పిన్నిగారికి నేర్పించారు. ఆవిడ నోట్లో మాట నోట్లోనే మింగేసింది. ఆయన మర్యాదగా "దూరమా నాన్నా?" అన్నారు. ఇక్కడికే నాన్నా అని వాడు వెళ్లిపోయాడు.

"నేను బస్సు కండక్టర్నమ్మా," అన్నారు బాబాయిగారు. "సర్వీసంతా ఈ బందరు రూట్లోనే. తెల్లారిలేస్తే ఎక్కడికమ్మా, ఎక్కడికి బాబూ, ఇదే నా మాట. ఎవరైనా ఇక్కడికే అంటే, ఇక్కడికే అంటే టిక్కెట్టెక్కడికి కొట్టను, ఊరు చెప్పు అనేవాణ్ని. బస్సెక్కిన ప్రతివాణ్ణీ అడిగాను. కన్నకొడుకుని అడగలేదు."

కొడుకు పోయాక మళ్లీ డ్యూటీకి వెళ్లారట. మొదటి ట్రిప్పులోనే ఒకావిడ పామర్రు ఒకటి అంటే చెయ్యి టిక్కెట్ల మిషను మీద ఆగిపోయింది. డ్రైవరు బస్సు పక్కకి ఆపి ఆయన్ని దించుకుని నీళ్లు తాగించాడు. తర్వాత ఉద్యోగానికి వెళ్లలేకపోయారు. అప్పట్నుంచి, మనసాగనప్పుడు, పామర్రు వచ్చి ఏదో ఒక బస్సెక్కుతారు. ఒకసారి బందరు వైపు, ఒకసారి గుడివాడ వైపు, ఒకసారి కూచిపూడి మీదుగా చల్లపల్లి వైపు. కిటికీ పక్కన కూర్చుని, ఇక్కడ వాడికేం పని ఉండి ఉంటుంది అని చూసుకుంటూ పోతారు. స్నేహితులెవరూ ఆ వైపువాళ్లు లేరు. ఫోను తెరిపించినా అందులో ఏమీ దొరకలేదు. ఆయన చివరగా ఒక మాట అడిగారు, నన్ను కాదు, రోడ్డుని చూస్తూ అడిగారు. పడగానే పోయాడని డాక్టర్లు చెప్పారు, అది మా తృప్తి కోసం చెప్పారా, నిజంగానే పడగానే పోయాడా అని. తాము గుణదలలో వెతుకుతున్నప్పుడు వాడు బతికే ఉన్నాడేమోనన్న ఆలోచన ఆయన పైకి అనలేదు. అనకపోయినా నాకు వినపడింది. నా బస్సు వచ్చింది గానీ నేను ఎక్కలేదు.

ఆ భయం నాకు అంటుకుంది. అంటువ్యాధి అంటే ఇదే. మా అమ్మాయి కానూరు దగ్గర ఇంజనీరింగు కాలేజీలో చేరింది, దానికి స్కూటీ కొనిచ్చాం. పొద్దున్నే అది గేటు దాటుతుంటే బాబాయిగారు అడుగుతారేమోనని ఒక భయం, అడక్కపోతే దాని జాడ ఎవరికి తెలుస్తుందని ఇంకో భయం. ఆయన అడిగితే లోపల దేవుడికి దండం పెట్టుకునేదాన్ని, అది జవాబు చెబితే చెవులు రిక్కించి వినేదాన్ని. దానికి మాత్రం ఇదంతా ఆట. ఒకరోజు కాలేజీకి తాతగారూ అనేది, ఒకరోజు అదే కాలేజీకి, నిన్న వెళ్లిందానికే అనేది. ఆయన తల ఊపేవారు. అమ్మా, ఈ తాతగారికి నా కంటే నా అటెండెన్సు మీద శ్రద్ధ ఎక్కువ అని నవ్వేది.

ఒక వానాకాలం శనివారం అది ప్రాక్టికల్స్ ఉన్నాయని వెళ్లింది. నాలుగింటికల్లా వచ్చేస్తానంది. నాలుగు దాటింది. వాన మొదలయింది. ఫోను స్విచాఫ్. దాని స్నేహితురాళ్లకి చేస్తే ఒకమ్మాయి ఎత్తలేదు, ఒకమ్మాయిది మోగడమే లేదు. మా ఆయన ఎక్కడో గూడ్సు పెట్టెలో ఉన్నారు, చెప్పినా ఆయన చేయగలిగింది లేదు. గేటు దగ్గరికొచ్చి చూస్తే, బాబాయిగారు వానలోనే కుర్చీ ముందు నిలబడి ఉన్నారు. బనీను ఒంటికి అతుక్కుపోయింది. "కాలేజీకనే చెప్పిందమ్మా. నేనడిగాను. ప్రాక్టికల్స్ అంది," అన్నారు. ఆయన మాటలో ఎంత ధీమా ఉందంటే నాకు కొంచెం ఊపిరాడింది. ఎక్కడో తెలుసు కదా, అక్కడికే వెళ్లి తెచ్చుకుందాం అని ఆయనే మస్తాన్‌గారిని కేకేశారు. ముగ్గురం ట్రాలీలో కానూరు వెళ్లాం.

కాలేజీ గేటు వేసి ఉంది. సెక్యూరిటీ అతను గొడుగు కింద నుంచే, ఇవాళ ఆ బ్రాంచి వాళ్లకి ఏమీ లేవమ్మా, పొద్దుట్నుంచీ ఎవరూ రాలేదు అన్నాడు. నేను ట్రాలీ కడ్డీ పట్టుకున్నాను. పక్కన చూస్తే బాబాయిగారూ అదే కడ్డీ పట్టుకుని ఉన్నారు. "చెప్పిందమ్మా. నేనడిగాను. చెప్పింది," అంటున్నారు. మళ్లీ అదే. మళ్లీ అదే. నాతో అంటున్నారో, ఇంకెవరితో అంటున్నారో తెలియదు. తర్వాత మస్తాన్‌గారి భుజం తట్టి బందరు రోడ్డు వైపు చెయ్యి చూపించారు. ఎందుకని మస్తాన్‌గారు అడగలేదు, నేనూ అడగలేదు.

ఆ ప్రయాణం నేను మర్చిపోలేను. కాలువ కనబడ్డ చోటల్లా మస్తాన్‌గారు బండి నెమ్మది చేసేవారు. బాబాయిగారు ఒక వైపు వంగి, నేను ఆయన వెనకే వంగి, నీళ్లలోకి చూసేవాళ్లం. నీళ్లు కనిపిస్తేగా, అంతా గుర్రపు డెక్కే. ఊదారంగు పూలు వానకి ఊగుతున్నాయి. డెక్క ఎక్కడైనా కాస్త విడిపోయి ఉంటే ఆయన చెయ్యెత్తేవారు, బండి ఆగేది. ఒక చోట ఎర్రగా ఏదో కనిపించింది. మా అమ్మాయి స్కూటీ ఎరుపు. మస్తాన్‌గారు దిగి కర్రతో లాగితే పాత ప్లాస్టిక్ బకెట్టు. బాబాయిగారు ఆ బకెట్టుని చూస్తూ రోడ్డు పక్కన బురదలోనే కూలబడ్డారు. నేను ఆయన్ని లేపబోయి నేనూ కూర్చున్నాను. దేవుడా, అడిగినా ఇంతేనా అనిపించింది.

అప్పుడు నా ఫోను మోగింది. పిన్నిగారి నంబరు. ఎత్తితే మా అమ్మాయి గొంతు. "అమ్మా, నేను మామ్మగారింట్లో ఉన్నా. ఇంటికి తాళం వేసుంది. చెప్పకుండా ఎక్కడికెళ్లావమ్మా?"

మేం తిరిగొచ్చేసరికి అది వాళ్ల వరండాలో పిన్నిగారి టవలు చుట్టుకుని కూర్చుని ఉంది. కాళ్లకి ఇసుక. స్నేహితురాళ్లతో మంగినపూడి బీచికి వెళ్లింది, ఫోను తడిసిపోయింది. అదే బందరు రోడ్డు మీద పోయింది, అదే రోడ్డు మీద వచ్చింది, మేం కాలువలోకి చూస్తున్నప్పుడు మా వెనక నుంచే వెళ్లిపోయి ఉంటుంది. కొడదామని చెయ్యెత్తాను. చెయ్యి పైకి లేచాక దాన్ని పట్టుకుని ఏడ్చాను. బాబాయిగారు మెట్టు కిందే నిలబడ్డారు. ఒంటి నిండా బురద.

"నేనడిగాను కదమ్మా," అన్నారు దానితో, చాలా మెల్లగా.

అది తల వంచుకుంది. "మీరు అడిగారు కాబట్టే అలా చెప్పాను తాతగారూ. సముద్రానికి అని చెబితే అమ్మకి చెప్పేస్తారుగా."

ఆయన మొహం తిప్పి పిన్నిగారి వైపు చూశారు. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకోవడం నేను చూడడం అదే మొదలు. ఆయన గొంతులో ఎన్నడూ లేని తేలిక ఏదో వచ్చింది. "విన్నావా? ఆ రోజు నువ్వడిగినా వాడు ఏదో ఒకటి చెప్పి వెళ్లేవాడే," అన్నారు.

పిన్నిగారు టవలు కొస పిండుతోంది. పిండడం ఆపలేదు. "నన్ను అడగనిచ్చుంటే తెలిసేదిగా," అంది.

అంతే. కేక లేదు, ఏడుపు లేదు. లోపలికి వెళ్లి స్టవ్ వెలిగించిన చప్పుడు వినిపించింది. నేను మా అమ్మాయిని రెక్క పట్టుకుని మా ఇంటికి లాక్కొచ్చాను. ఆ రోజు కాలువ దగ్గర పడ్డ భయం ఒకెత్తు, ఆ ఒక్క మాటకి వేసిన భయం ఒకెత్తు. ఇన్నాళ్లూ ఆవిడ ఆ మాటని లోపల పెట్టుకుని ఆయనకి టీ ఇచ్చింది, అన్నం పెట్టింది, జ్వరం వస్తే తడిగుడ్డ వేసింది. మా వెనక కుర్చీ కాలు కీచుమంటూ లోపలికి వెళ్లింది.

మర్నాటి నుంచి ఆయన అడగడం మానేశారు. కుర్చీ వేసుకునేవారు, కూర్చునేవారు, వెళ్లేవాళ్లని చూసేవారు. నోరు మాత్రం విప్పలేదు. సందుకి పీడ వదిలిందని సంబరపడాలా? ఎవరికీ సంబరం రాలేదు. వెనక మురుక్కాలవ దారిన పోయేవాళ్లు కూడా ఇప్పుడు ముందు నుంచి వచ్చి, ఆయన దగ్గర బండి నెమ్మది చేసి, అడుగుతారేమోనని చూసేవాళ్లు. అడగకపోయేసరికి వాళ్ల మొహాల్లో కలవరం. మస్తాన్‌గారు మామూలుగానే చెప్పేవారు. మా అమ్మాయి మాత్రం మారిపోయింది. రోజూ స్కూటీ ఆపి, ఇంజను ఆపి, ఎక్కడికో, ఎవరితోనో, ఏ రోడ్డున వెళ్లి ఏ రోడ్డున వస్తుందో, అంతా చెప్పి, "నిజంగానే తాతగారూ" అని కలిపేది. ఆయన తల ఊపి క్షేమంగా రామ్మా అనేవారు. దాని వెనకే నేనూ వెళ్లి చెప్పేదాన్ని, కూరగాయలకైనా సరే. ఆయన అడగని రోజుల్లోనే నేను ఎక్కువ చెప్పాను.

చలికాలం మొదట్లో, నిద్రలోనే పోయారు. పొద్దున్న టీ ఇవ్వబోతే చెయ్యి చాచలేదని పిన్నిగారు వచ్చి చెప్పింది.

మధ్యాహ్నానికల్లా చుట్టాలొచ్చారు. సందులో అందరూ వచ్చారు, ఆయన్ని తప్పించుకు తిరిగినవాళ్లు కూడా. వైకుంఠ రథం వ్యాను కాలువ గట్టు వైపు మొహం పెట్టి ఆగి ఉంది. పాడె ఎత్తి అందులో పెట్టారు. ఆడవాళ్లం గేటు దగ్గరే ఆగిపోయాం. నేను పిన్నిగారి పక్కనే ఉన్నాను, మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఉంది. వ్యాను తలుపు వెయ్యబోతుంటే పిన్నిగారు గేటు దాటి రెండడుగులు ముందుకు వేసింది.

"ఎక్కడికండీ?" అంది.

ఆవిడ గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలియదు. పక్కనున్న పెద్దావిడెవరో, తప్పమ్మా, అలా అనకూడదు అని చెయ్యి పట్టుకోబోయింది. పిన్నిగారు విడిపించుకుంది. ఆవిడ చూస్తున్నది వ్యాను లోపలికి. డ్రైవరు కుర్రవాడికి ఇదంతా ఏం తెలుసు, తననే అడిగిందనుకున్నాడు.

"ఇక్కడికేనమ్మా," అన్నాడు.

మస్తాన్‌గారు తల దించుకున్నారు. మా అమ్మాయి గోళ్లు నా అరచేతిలో దిగాయి. పిన్నిగారు వెళ్లి వ్యాను కిటికీ అంచు పట్టుకుంది.

"ఇక్కడికే అంటే ఎక్కడికి?"

అతను బెదిరిపోయి అందరి వంకా చూశాడు. అప్పుడు చెప్పాడు, కృష్ణ ఒడ్డున శ్మశానానికమ్మా, ఈ కాలువ గట్టు మీదుగా పోతే దగ్గర, తొందరగా వెళ్లిపోతాం అని. పిన్నిగారు అతను చెప్పిందంతా విన్నది. తల అడ్డంగా ఊపింది.

"కాలువ పక్కన వద్దు బాబూ. దూరమైనా ఫర్వాలేదు," అంది.

అతను కాలువ వైపు తిరిగి ఉన్న వ్యానుని వెనక్కి తీసి, మెయిన్ రోడ్డు వైపు తిప్పాడు. అది ఏ మలుపు తిరిగిందో మేమందరం నిలబడి చూశాం.